కట్ట ఏడు, వినబడుతోందా?

మూడో సాయంత్రం

నాకు రాసే అలవాటు లేదు. పదో తరగతి పరీక్షల్లో రాసిన వ్యాసాలే నేను చివరగా రాసిన పెద్ద రాతలు. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లలో రాసినవి ఉత్తరాల మీద చిరునామాలు, ప్రార్థన కూటంలో పాటల పట్టీలు, అంతే. ఇవాళ కలం పట్టడానికి కారణం ఒక్కటే. మూడు సాయంత్రాలుగా నేను మాట్లాడుతున్నది ఎవరికీ వినబడడం లేదు.

మెట్ట కేంద్రం వాళ్లు ఇచ్చిన లాగ్ బుక్కు ఉంది. తేదీ, వేళ, అవతలి స్టేషను, వినికిడి ఎంత అని నాలుగు గళ్లు. అవతల ఎవరూ పలకనప్పుడు రెండు గళ్లే నిండుతున్నాయి. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఈ కాగితాలు నా భర్త ఏసురత్నం రంగుల పెట్టెలోవి. ఆయన బోర్డులు రాసే మనిషి. అక్షరాలు ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అని పెన్సిలుతో గీతలు వేసుకునేవాడు. ఒక పక్క ఆయన గీతలు అలాగే ఉన్నాయి. నేను రెండో పక్కన రాస్తున్నాను.

రేడియోలో నా బండిని పిలిచే పేరు కట్ట ఏడు. సముద్రపు కట్ట వెంబడి తిరిగే తొమ్మిది మాటబండ్లలో ఏడోది. పని కష్టమైనదేమీ కాదు. పాలేల్లో మిగిలిన మనుషులను కలవాలి, పేర్లు రాసుకోవాలి, సాయంత్రం ఆరింటికి రేడియోలో చదవాలి. మెట్ట మీదికి వెళ్లిపోయిన వాళ్ల అయినవాళ్లు కేంద్రం ముందు అరుగు మీద కూర్చుని వింటారు. తమ వాళ్ల పేరు వినబడితే లేచి ఇంటికి పోతారు. వినబడకపోతే మర్నాడు మళ్లీ వస్తారు. దాన్ని పేర్ల వేళ అంటారు.

నేను ఊటదిబ్బకు వచ్చి మూడు రోజులు. కట్ట చివరి పాలెం ఇది. ముప్పై ఒక్క మంది ఉన్నారు. నేను వచ్చిన మర్నాడే వెనక రెండు తూముల దగ్గర కట్ట తెగింది. ఇప్పుడు అక్కడ తాటిచెట్టు లోతున నీళ్లు పరుగెడుతున్నాయట. ఇక్కడ ఉన్నవి రెండు దోనెలు. ఆ ప్రవాహంలో వాటిని ఎవరూ దించరు. కాబట్టి మాట ఒక్కటే బయటికి పోగలదు. అది పోవడం లేదు.

వినడం మాత్రం బాగా వినబడుతోంది. ఈ సాయంత్రం కూడా మెట్ట నుంచి, కేంద్రంలో రేడియో చూసే వహీదా పిలిచింది.

"కట్ట ఏడు, కట్ట ఏడు, మెట్ట పిలుస్తోంది. దయామణత్తా, వినబడుతోందా? ఓవర్."

"వినబడుతోందమ్మా, చక్కగా వినబడుతోంది, ఓవర్" అన్నాను.

కాసేపు గరగర. మళ్లీ వహీదా. "కట్ట ఏడు, వినబడుతోందా?"

ఆ పిల్ల ఆరుసార్లు పిలిచింది. నేను ఆరుసార్లూ పలికాను.


నాలుగో రోజు, ఉదయం

పొద్దున్నే ప్రార్థన చేసుకుని పలకలు తుడిచాను. బండి కప్పు నిండా సోలారు పలకలే. రోజూ ఉప్పు పొర కడుతుంది. తాగే నీళ్లతో తుడిస్తే తాగడానికి ఉండవు కాబట్టి మంచు కురిసిన వేళ, ఎండ రాకముందే పొడిగుడ్డతో తుడవాలి. ఇది పాత బండ్ల వాళ్లు నేర్పారు.

ఈ బండి కోసం సామాను ఏరుకున్న రోజు గుర్తొచ్చింది. కేంద్రం బల్ల మీద మూడు రేడియో పెట్టెలు పెట్టారు. ఒకటి పది వాట్లది, చంకలో పట్టేంత చిన్నది. ఇంకొకటి వంద వాట్లది, బరువు, బ్యాటరీ తాగేస్తుంది. మూడోది పైకి చాలా అందంగా ఉంది గాని దాని బొత్తాలన్నీ గోటికంటే చిన్నవి. నాకు కళ్లజోడు లేకుండా కనబడవు. కళ్లజోడు పగిలితే ఇంకొకటి దొరికే కాలం కాదు.

"వందదే తీసుకో అత్తా" అంది వహీదా. "నీ గొంతుకి అదైనా చాలుద్దో లేదో."

వందదే తీసుకున్నాను. దాంతోపాటు రెండో బ్యాటరీ. ఏరియల్ విషయంలోనే ఆలోచించాల్సి వచ్చింది. రెండు రకాలు. తీగచుట్ట అయితే బాగా దూరం పోతుంది, కాని ఆగినచోటల్లా రెండు చెట్లకో గెడలకో ఎత్తుగా కట్టాలి. కట్ట మీద చెట్లు లేవు. కడ్డీ ఏరియల్ అయితే బండికే బిగించి ఉంటుంది, నడుమ చుట్టలాంటిది ఉంటుంది, ఆగగానే మాట్లాడవచ్చు. వహీదా రెండూ పట్టుకెళ్లమంది. బండిలో చోటు చూసుకుంటే తీగచుట్ట అయినా పట్టాలి, ఏసురత్నం రంగుల పెట్టె అయినా పట్టాలి. నేను రంగుల పెట్టె పెట్టుకున్నాను. వహీదాతో ఆ మాట చెప్పలేదు.

కడ్డీ బిగించడానికి కూడా బండిలో ఒక్కటే చోటు. కప్పు మీద పలకలు. ముందు భాగమంతా ఫైబరు. వెనక కుడివైపు ఇనుప స్తంభం తుప్పుపట్టి డొల్లయింది. మిగిలింది వెనక ఎడమ స్తంభం. అది పైన సన్నం, కింద లావు. కడ్డీని పట్టి ఉంచే క్లాంపు పైన ఒక్కచోటే పడుతుంది.

వహీదా చెప్పినవన్నీ చేశాను. కరెంటు తీగలు నేరుగా బ్యాటరీకే కలిపాను. రెండింటికీ ఫ్యూజులు పెట్టాను. పెట్టెను గాలి ఆడేలా సీటు కింద బెల్టుతో కట్టాను. మైకు కొక్కేనికి తగిలించాను. చెప్పింది చెప్పినట్టే చేశాను, ఒక్కటి తప్ప. దాని సంగతి ఇప్పుడు రాయలేను.


నాలుగో సాయంత్రం

ఇవాళ అరిచాను.

నా గొంతు పుట్టుకతోనే చిన్నది. కూటంలో నేను ప్రార్థన చేస్తే వెనక వరుసలో వాళ్లకు ఆమేన్ ఎప్పుడు చెప్పాలో తెలిసేది కాదు, ముందు వరుస వాళ్లను చూసి చెప్పేవాళ్లు. రేడియో నేర్చుకునే రోజుల్లో వహీదా ఎన్నోసార్లు విసుక్కుంది. "అత్తా, నువ్వు మాట్లాడేది దేవుడితో కాదు, నాతో. ఆయనకి మనసులో అనుకున్నా తెలుస్తుంది. నాకు తెలీదు. గట్టిగా!"

అందుకని గొంతే తప్పేమోనని ఈ సాయంత్రం బండిలో కూర్చుని నా జీవితంలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను. "మెట్ట! మెట్ట! కట్ట ఏడు! నేను బతికే ఉన్నాను!" అని. పాలెం బాతులన్నీ రెక్కలు కొట్టుకుంటూ నీళ్లలోకి దూకాయి. ఇళ్లలోంచి జనం బయటికొచ్చారు. ముందుగా వచ్చింది నాంచారమ్మ. పాలేనికి పెద్దదిక్కు ఆమె. డెబ్బై దాటిన మనిషి, చేతిలో పాత ఫోను. ఫోన్లలో ఇప్పుడు ఏమీ కనబడదు గాని నల్లటి అద్దంగా పనికొస్తాయి. ఆమె అందులో చూసుకుంటూ తల దువ్వుకుంటోంది.

"ఏవమ్మా, నువ్వు బతికున్నావని మాకు సెప్తన్నావా? మాకు కనపడతానే ఉన్నావుగా!"

"మెట్ట వాళ్లకు చెబుతున్నాను పిన్నీ."

"మెట్ట ఎంత దూరం?"

"డెబ్బై కిలోమీటర్లు."

"అంత దూరం అరుస్తావా? నీ డబ్బాకి ఇనడవేగానీ సెప్పడం రాదా?"

జనం నవ్వారు. నేనూ నవ్వాను. మైకు వైపు తిరిగి బొత్తాం నొక్కితే పెట్టె మీద ఎర్ర దీపం మళ్లీ వెలిగింది. బొత్తాం నొక్కి మాట్లాడినంతసేపూ అది వెలుగుతూనే ఉంటోంది. పంపిన బలం గాలిలోకి పోకుండా వెనక్కి తిరిగి వస్తుంటే ఆ దీపం వెలుగుతుందని, అప్పుడు పెట్టె కాలిపోకుండా తన గొంతు తానే నొక్కేసుకుంటుందని వహీదా చెప్పింది. నేను ఎంత అరిచినా ఆ లోపల గుసగుసే అవుతోందన్నమాట.

పేర్ల వేళ చివర కేంద్రం ప్రకటన వచ్చింది. సముద్రంలో గాలివాన పుట్టింది. నా లెక్కలో ఎనిమిదో రోజు ఉదయం పెద్ద పడవ బయలుదేరుతుంది. పేర్లు వినబడిన పాలేలకే వెళుతుంది. పోయినేడు ఖాళీ అయిన పాలెంలో జనం కోసం వెతుకుతూ ఒక పడవ మునిగింది. అప్పటినుంచి ఈ నియమం. ఇంకో నియమం పాతదే: ఏడు సాయంత్రాలు వరసగా వినబడని బండి ఇక లేనట్టే.

నాంచారమ్మ అంతా విన్నది. ఈసారి నవ్వలేదు.

"మా పేర్లు అందలేదు కదా?"

"అందలేదు పిన్నీ."

"ఇంకా మూడు సాయంత్రాలుంది" అంటూ ఫోను కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.


ఐదో సాయంత్రం

ఇవాళ ఏ జోడింపునూ వదలలేదు. ఏరియల్ తీగ రెండు కొసలూ విప్పి చింతపండు నీళ్లతో తోమి తళతళలాడించాను. కొత్త ఫ్యూజులు వేశాను. కడ్డీ నడుమ చుట్టలోంచి ఉప్పు దులిపాను. దాని పొడవు వేలెడు పెంచి చూశాను, వేలెడు తగ్గించి చూశాను. దీపం ఆరలేదు. క్లాంపు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతట అదే పక్కకు పోయింది. పైనుంచి గుడ్డతో తుడిచి దిగిపోయాను.

మధ్యాహ్నం నుంచి సముద్రం రంగు మారింది. గాలి లేదు గాని అలలు పెద్దవవుతున్నాయి. పాలెంలో వాళ్లు మూటలు కడుతున్నారు. పడవ వస్తుందన్న నమ్మకంతోనే కడుతున్నారు. ఒక ఇంటి వాళ్లు నాకు చేపల పులుసు పంపారు. తినడానికి సిగ్గేసింది.

పేర్ల వేళ మామూలుగానే సాగింది. కట్ట రెండు బండి అతను పంతొమ్మిది పేర్లు చదివాడు. కట్ట ఐదు నుంచి నలభై. ప్రతి పేరుకూ కేంద్రం అరుగు మీద ఎవరో లేచి ఇంటికి పోతూ ఉంటారు. ఊటదిబ్బ వాళ్ల కోసం కూర్చున్న వాళ్లు మాత్రం లేవరు. నాకోసం అక్కడ కూర్చునేవాళ్లు లేరు. మాకు పిల్లలు లేరు. వహీదా ఒక్కతే పిలుస్తుంది, అది ఆమె ఉద్యోగం.

చివర్లో కట్ట మూడు బండి నడిపే పోతురాజు గారు అడిగాడు. "ఏడో నంబరు సంగతేంటి వహీదమ్మా?"

"ఐదు సాయంత్రాలయింది పోతురాజు గారూ."

"మంచి మనిషి. ఎప్పుడెదురుపడ్డా గోంగూర పచ్చడి పెట్టేది."

"పెట్టేది అనకండి. పెడుతుంది అనండి."

"సరే. పెడుతుంది."

నేను బొత్తాం నొక్కి, "పచ్చడి ఇంకా అరసీసా ఉందండీ" అన్నాను. ఎర్ర దీపం వెలిగింది. తర్వాత రేడియో కట్టేశాను. వాళ్లు నా గురించి మాట్లాడుకుంటూ ఉంటే పక్క గదిలో కూర్చున్నట్టుంది. తలుపు ఉంది, గడియ నా వైపే ఉంది, నేను తియ్యడం లేదు.

రాసేశాను కాబట్టి ఇక మిగతాదీ రాయాలి. కాని ఇవాళ కాదు.


ఆరో సాయంత్రం

కడ్డీ ఒక్కటే ఏరియల్ కాదు. అది సగమే. మిగతా సగం బండి ఇనుము. అందుకే క్లాంపు కింద రంగంతా గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా తెచ్చి, దానిమీద బిగించాలి. రంగు మీద బిగిస్తే గాజు మీద బిగించినట్టే. వహీదా ఇది మూడుసార్లు చెప్పింది. బయలుదేరే ముందు అడిగింది కూడా.

"క్లాంపు కింద గీకావా అత్తా?"

"గీకాను" అన్నాను.

గీకలేదు. క్లాంపుకూ స్తంభానికీ నడుమ రబ్బరు ముక్క కూడా పెట్టాను, ఏసురత్నం పాత చెప్పు అడుగులోంచి కోసి. కేంద్రం వాకిట్లో పరీక్ష చేసినప్పుడు గణగణ వినబడింది. వాకిట్లో ఉన్నవాళ్లకు గుసగుస కూడా వినబడుతుంది కదా. దారిలో దగ్గరి పాలేల నుంచి కూడా ఎలాగో అందింది.

కారణం ఇది. పోయిన వానాకాలం ఈ బండి నాకిచ్చినప్పుడు దాని వెనక నంబరు రాసింది ఏసురత్నమే. అప్పటికే ఆయనకు జ్వరం. నేను వద్దంటే వినలేదు. "నీ బండికి ఇంకొకడు రాస్తాడా" అన్నాడు. నీలం రంగుతో కట్ట ఏడు అని రాసి, కింద రెండు లిల్లీ పూలు వేశాడు. పూలు అయ్యాక కళ్లు తిరిగి, పడిపోకుండా ఎడమ స్తంభాన్ని పట్టుకున్నాడు. బొటనవేలికి తడి రంగు ఉంది. దాని అచ్చు స్తంభం మీద పడింది. గీతలన్నీ తెలిసేలా పడింది. తుడిచేస్తానని గుడ్డ తీశాడు. ఉండనివ్వమన్నాను. పదకొండో రోజున ఆయన పోయాడు.

మా ఫోటోలన్నీ ఫోన్లలో ఉండేవి. ఫోన్లు నల్లబడినప్పుడు అవీ పోయాయి. ఆయన రాసిన బోర్డులన్నీ నీళ్లలో ఉన్నాయి. నాకు మిగిలింది ఆ వేలిముద్ర. క్లాంపు పడే చోటు సరిగ్గా అదే.

ఇవాళ ఉదయం నేను తెలివైనదాన్ని అనుకున్నాను. స్తంభం కింది భాగంలో, ముద్రకు దూరంగా, కాస్త గీకి ఇనుము బయటపెట్టాను. క్లాంపు నుంచి అక్కడికి మూరెడు తీగ కట్టాను. ఇనుము ఇనుమే కదా, ఎక్కడ తగిలితేనేం అనుకున్నాను. దీపం పూర్తిగా ఆరలేదు, మినుకు మినుకుమంది. ఆ మాత్రానికే మోకాళ్ల మీద పడి కృతజ్ఞత చెప్పాను.

ఆరింటికి వహీదా పిలిచింది. నేను పలికాను.

"ఉండండి. అందరూ ఉండండి. ఎవరో ఊపిరి తీసినట్టుంది. కట్ట ఏడా? అత్తా, నువ్వేనా? మళ్లీ పలుకు!"

"నేనే! నేనే అమ్మా! ఊటదిబ్బ, ముప్పై ఒక్క మంది!"

గరగర.

"గాలమ్మా అది" అన్నాడు పోతురాజు గారు. "తుపాను ముందు అలాగే గురకపెడుద్ది."

"కాదు, మాటలా ఉంది."

"ఆశ కొద్దీ అలా ఇనపడుద్ది. మనకందరికీ అయ్యేదే."

అప్పుడు వహీదా, మైకు బొత్తాం వదలడం మరిచిపోయిందో ఏమో, పక్కన ఎవరితోనో అన్నట్టుగా అంది. "నేనే సరిగ్గా నేర్పలేదేమో. ఆ వయసులో ఒంటరిగా పంపాం. ఇంకోసారి దగ్గరుండి చూడాల్సింది."

ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు. మూడుసార్లు చెప్పింది. అడిగి మరీ తెలుసుకుంది. నేను అబద్ధం చెప్పాను.

ఆరు రోజులుగా నేను దేవుణ్ణి అడుగుతున్నది ఒకటే, నా మాట వినబడేలా చెయ్యమని. ఇవాళ ప్రార్థనకు కూర్చుంటే అడగడానికి నోరు రాలేదు.


ఏడో సాయంత్రం

వరసలో రాస్తాను.

మధ్యాహ్నానికి గాలి మొదలైంది. నాంచారమ్మ బండి దగ్గరికి వచ్చి చక్రం పక్కన చతికిలబడింది.

"పడవొచ్చిద్దా, రాదా? పిల్లలకి అబద్ధం సెప్పలేక సస్తన్నాను. నాకైనా నిజం సెప్పు."

చెప్పాను. గీకాల్సింది గీకలేదని చెప్పాను. ఎందుకని అడుగుతుందనుకుని క్లాంపు విప్పి రబ్బరు ముక్క తీసి చూపించాను. నీలం ముద్ర చెక్కుచెదరకుండా ఉంది.

"ఎవరిది?"

"మా ఆయనది."

ఆమె దగ్గరికి వచ్చి చూసింది. వేలు పెట్టబోయి, పెట్టకుండా వెనక్కి తీసుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. ముప్పై ఒక్క మంది ప్రాణాలు ఒక రంగు మరక కింద పెట్టాను కదా. ఆమె ఇంట్లోకి వెళ్లి ఆల్చిప్ప ఒకటి పట్టుకొచ్చింది.

"కత్తయితే తునకలు తునకలుగా రాలిపోద్ది. దీంతో గీకు. అంచు నుంచి నెమ్మదిగా లేపితే పొర లేచొచ్చిద్ది. మేం పడవల రంగు ఇట్టానే తీస్తాం."

నేను తీసుకోలేదు.

"మా ఆయన పోయాక పడవ ఇంకోళ్లకిచ్చాం" అంది. "దాని మీద ఆయన పేరుండేది. కొత్తోడు గీకుతానంటే వొద్దు, నేనే గీకుతానన్నా. ఏడుసుకుంటా గీకా. నువ్వూ ఏడు. ఏడుస్తా గీకు. నేనటు తిరిగి కూసుంటాలే."

నిజంగానే అటు తిరిగి కూర్చుంది.

ముద్ర మొత్తంగా లేస్తుందేమో అనుకున్నాను. లేవలేదు. మూడు పొరలుగా వచ్చింది. ఒకదాంట్లో గీతలు బాగా తెలుస్తున్నాయి, రెండోదాంట్లో కొంచెం, మూడోది ఒట్టి నీలం. వాటిని ఈ కాగితాల్లో ఒకదాని మీద పెట్టి మడిచాను. తర్వాత ఇనుము మెరిసేదాకా గీకాను. క్లాంపు బిగించాను. బొత్తాం నొక్కాను.

దీపం వెలగలేదు.

ఆరింటికి వహీదా పేర్లు మొదలుపెట్టలేదు. ముందుగా, "కట్ట ఏడు, ఏడో సాయంత్రం" అంది. అది చెప్పాక ఒక నిమిషం మౌనం పాటించి, ఆ తర్వాత ప్రార్థన చేసి, పేరు కొట్టేస్తారు. ఆ నిమిషంలో గాలిలో ఎవరూ మాట్లాడకూడదు. నేను మాట్లాడాను. అరవలేదు, నా మామూలు గొంతే.

"మెట్ట, ఇది కట్ట ఏడు. వహీదా, నేను దయామణిని. వినబడుతోందా? ఓవర్."

ఏమీ లేదు. నాంచారమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అత్తా?"

"ఆ, అమ్మా."

"అత్తా! అయ్యో అత్తా! పక్కన నిలబడి మాట్లాడినట్టుంది! ఎక్కడున్నావే?" ఏడుపో నవ్వో తెలియలేదు. వెనక అరుగు మీద జనం గోల. పోతురాజు గారు మధ్యలో దూరి, "నిన్నటిది గాలి కాదన్నమాట" అన్నాడు.

"ఊటదిబ్బలో ఉన్నాను. వెనక కట్ట తెగింది. పేర్లు రాసుకో."

"చదువు. చదువు అత్తా."

"నా పేరు ముందు సదువు, గట్టిగా" అంది నాంచారమ్మ నా చెవిలో. "మెట్ట మీద నా కోడలుంది. పీడ ఇరగడయిందని సంబరపడతా ఉంటది."

ముప్పై ఒక్క పేర్లు చదివాను. ఒక్కొక్కటీ వహీదా తిరిగి చెప్పింది. చివర నా పేరు కూడా ఆమే రాసుకుంది, ముప్పై రెండు అంది. పడవ తెల్లవారగానే ఇటే వస్తుంది.

అప్పుడు అడిగింది. "ఇన్నాళ్లూ ఏమయింది? నేను నేర్పడంలో ఏమన్నా తప్పుందా?"

కట్ట బండ్లన్నీ వింటున్నాయి. అరుగు మీద ఊరంతా వింటోంది.

"నీ తప్పేమీ లేదమ్మా. నువ్వు చెప్పిందంతా సరే. క్లాంపు కింద గీకలేదు. గీకానని నీతో అబద్ధం చెప్పాను. తప్పు నాది."

"ఇప్పుడు గీకావా?"

"గీకాను."

"పది నిమిషాల పని కదత్తా. ఏడు రోజులు! మా ప్రాణాలు పోయాయి ఇక్కడ. ఏంటిది, బద్ధకమా?"

"అనుకో అమ్మా" అన్నాను. "ఓవర్."


ఎనిమిదో రోజు, ఉదయం

పడవ కనబడుతోంది. వాన పడుతోంది కాబట్టి తొందరగా రాస్తున్నాను.

మనుషులు, ఒళ్లో పట్టే మూటలు మాత్రమే ఎక్కాలని వహీదా చెప్పింది. బండి ఇక్కడే ఉండిపోతుంది. రేడియో విప్పి గోనెలో చుట్టాను. క్లాంపు, కడ్డీ విప్పాను. రంగుల పెట్టెకు చోటు లేదు. వెనక నంబరూ లిల్లీ పూలూ వానలో తడుస్తున్నాయి. సాయంత్రానికి ఇక్కడ ఎంత నీరు ఉంటుందో తెలియదు. నేను ఆ స్తంభాన్ని ముట్టుకోకుండా వదిలేసి ఉంటే, ఆ వేలిముద్ర కూడా ఇప్పుడు ఆ నీళ్లకే పోయేది. ఇది ఇవాళ పొద్దున పలకలు తుడుస్తుండగా తట్టింది. ఇక అవసరం లేకపోయినా ఎందుకో తుడిచాను.

నాంచారమ్మ ఫోను అద్దంలో చూసుకుని బొట్టు దిద్దుకుంటోంది. "కోడలి ముందు దీనంగా కనపడకూడదు" అంటోంది.

కేంద్రంలో మాటబండ్ల వాళ్ల కాగితాలు దాచే ఇనప పెట్టె ఉంది. ఇవి అందులో వేస్తాను. ఎప్పుడైనా మీరు తెరిచి చూస్తే, మీరెవరైనా సరే, పారేయవద్దని అడుగుతున్నాను. చివరి కాగితం మడత విప్పవద్దు, లోపల మూడు రంగు పెచ్చులు ఉన్నాయి, ఊదితే ఎగిరిపోతాయి. ఎవరికీ చూపించవద్దు. ముఖ్యంగా వహీదాకు. తెలిస్తే ఆ పిల్ల తను అన్న మాటకు బాధపడుతుంది. బద్ధకమనే అనుకోనివ్వండి. ఉంచండి, అంతే.